చెరువు మీద పక్షుల్ని చూడటం, ఆ చెరువును పక్షులకు పనికొచ్చేలా ఉంచటం ఎలా?

నవంబరు వచ్చిందంటే చెరువు కట్టల మీద కెమెరాలు కనిపిస్తాయి. మంచిదే. కానీ వచ్చినవాళ్లలో చాలామంది గూడబాతును (పెలికాన్‌ను) నాలుగు ఫొటోలు తీసుకుని, కట్ట మీదే టిఫిన్ కానిచ్చి, తొమ్మిదింటికల్లా కారెక్కేస్తారు. ఆ పక్షి ఈ చెరువుకే ఎందుకు వచ్చింది, పక్క ఊరి చెరువుకు ఎందుకు పోలేదు అని అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్ల చేతికే పార ఇవ్వాలని నా అభిప్రాయం. అందుకే ఇక్కడ ముందు చూడటం గురించి, తర్వాత చెరువు పని గురించి చెబుతున్నాను. ఈ వరుస తప్పి నేరుగా శ్రమదానానికి దిగితే మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది.

ఉదాహరణలు ఎక్కువగా నేలపట్టు, పులికాట్, ఉప్పలపాడు, కొల్లేరు అంచునున్న ఆటపాకలవి. పద్ధతి మాత్రం మీ ఊరి చెరువుకైనా ఇంతే.

ఎక్కడికి, ఏ నెలలో

కేలండర్ చూసే ముందు వాన సంగతి కనుక్కోండి. తిరుపతి జిల్లా దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. అక్కడి చెరువు ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడింది. అక్టోబరు, నవంబరు వానలకు నీళ్లొచ్చి, నీటిలో నిలబడ్డ కడప చెట్ల మొదళ్లు మునిగితేనే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు గూళ్లు మొదలుపెడతాయి. కాబట్టి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అక్కడ చూడాల్సిన కాలం. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి లెక్క వేరు. అక్కడికి నత్తగుల్ల కొంగలు తొలకరితో వస్తాయి, పిల్లలు ఎగిరేదాకా ఉండి వెళ్లిపోతాయి. అక్కడికి చలి ముదిరాక వెళితే ఖాళీ గూళ్లు చూసి రావాల్సిందే. గుంటూరు పక్కనున్న ఉప్పలపాడులో దాదాపు ఏడాది పొడవునా ఏదో ఒక పక్షి ఉంటుంది గనుక కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టవచ్చు.

బయలుదేరే ముందు అక్కడి వాచర్‌కో, చెరువు దగ్గర టీకొట్టు ఆయనకో ఒక్క ఫోన్ చేయండి. "పక్షులు ఉన్నాయా?" అంటే "ఉన్నాయి రండి" అనే అంటారు. దానికి బదులు "అన్నా, ఈ ఏడు కలుజు పారిందా?" అని అడగండి. కలుజు పారడమంటే చెరువు నిండి నీళ్లు పొర్లడం. నీళ్ల సంగతి తెలిస్తే పక్షుల సంగతి మీరే ఊహించుకోవచ్చు.

ఇక్కడే ఒక అపోహ వదిలించుకోవాలి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) సైబీరియా నుంచి వస్తాయని పత్రికల్లో ఏటా రాస్తారు, ఊళ్లలో పెద్దవాళ్లూ అదే చెబుతారు. అవి అచ్చంగా మన దేశపు పక్షులు. ఒక చెరువు ఎండితే ఇంకో చెరువుకు, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు తిరుగుతాయి, అంతే. మన చెరువు మీద గూడు కట్టి పిల్లల్ని లేపే పక్షి మన పక్షి అని గుర్తుపెట్టుకోండి. ఉత్తర దేశాల నుంచి చలికి వచ్చే సూదితోక బాతులు, నీటి అంచున మేసే చిన్న ఉల్లంకులు, టిబెట్, మంగోలియా వైపు నుంచి హిమాలయాలు దాటి వచ్చే బార్ హెడెడ్ గూస్‌లు ఇక్కడ తిని, బలిసి, మార్చి, ఏప్రిల్‌లో తిరిగిపోతాయి. వాటి గూళ్లు అక్కడే. ఈ తేడా చెరువు పనికి చాలా ముఖ్యం. వలస పక్షికి కావాల్సింది మేత. మన పక్షికి మేతతోపాటు చెట్టు కావాలి, ఆ చెట్టు కింద నెలల తరబడి నీళ్లూ ఉండాలి.

ఏం తీసుకెళ్లాలి

ఎక్కువ అక్కర్లేదు. ఒక బైనాక్యులర్. 8x42 అని రాసి ఉన్నది తీసుకోండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందరి అద్దం 42 మిల్లీమీటర్లు కాబట్టి తెల్లవారుజాము మసక వెలుతురులోనూ కనిపిస్తుంది. పన్నెండు, ఇరవై రెట్లవి చూసి టెంప్ట్ అవకండి. చేతిలో వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. నీళ్ల సీసా, టోపీ, మట్టిరంగు చొక్కా, ఒక నోట్‌బుక్కు, పెన్సిలు. ఫోన్‌లో చూసిన పక్షుల లెక్క నమోదుకు ఈబర్డ్, పక్షిని గుర్తుపట్టడానికి మెర్లిన్ యాప్‌లు ఉంటే చాలు, రెండూ ఉచితమే. మెర్లిన్‌లో మన ప్రాంతపు పక్షుల ప్యాక్ ఇంట్లోనే దించుకుని వెళ్లండి, చెరువు దగ్గర సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. పక్షి కూతలు స్పీకర్లో వినిపించి దాన్ని బయటికి రప్పించే అలవాటు కొంతమందికి ఉంది. గూళ్ల కాలంలో ఆ పని అస్సలు చేయకండి. పాపం ఆ పక్షి తన చోటులోకి ఇంకో మగపక్షి చొరబడిందనుకుని మేత మానేసి వెతుక్కుంటుంది.

కట్ట మీద ఎలా నిలబడాలి

సూర్యోదయానికి ముందే చేరుకోండి. మన నేల చాలాచోట్ల తూర్పుకు వాలి ఉంటుంది కాబట్టి ఎన్నో చెరువులకు కట్ట తూర్పు వైపున, నీళ్లు పడమటి వైపున ఉంటాయి. పొద్దున కట్ట మీద నిలబడితే ఎండ మీ వీపు మీద పడుతుంది, పక్షి రంగులన్నీ విప్పిచెప్పినట్టు కనిపిస్తాయి. సాయంత్రం అదే కట్ట మీద నుంచి చూస్తే అన్నీ నల్లటి నీడలే. సాయంత్రమే కుదిరితే చెరువు ఎగువ వైపుకు, అంటే శిఖం వైపుకు వెళ్లండి.

కట్ట మీద ఆకాశానికి ఎదురుగా నిలువునా నిలబడకండి. ఒక చెట్టు మొదలు చూసుకుని కూర్చోండి. మొదటి పావుగంట బైనాక్యులర్ ముట్టుకోకండి. మీరు వచ్చినప్పుడు దూరం జరిగిన పక్షులు మళ్లీ మేతలో పడేదాకా ఆగండి.

ఎంత దగ్గరికి వెళ్లవచ్చు అన్నదానికి గజాల లెక్క లేదు, పక్షే చెబుతుంది. మేసే పక్షి తలెత్తి మిమ్మల్నే చూస్తుంటే ఒకడుగు ఎక్కువైనట్టు. మెడ నిక్కించి నడవడం మొదలుపెడితే వెంటనే వెనక్కి రండి. ఎగిరిపోయిందంటే ఆ పూటకు దాని మేతను మీరు చెడగొట్టినట్టే.

తీతువు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది అరిస్తే అశుభమని మనవాళ్ల భయం. అది గూడు కట్టదు, నేల మీద గులకరాళ్ల మధ్య నాలుగు మచ్చల గుడ్లు పెడుతుంది. రాళ్లలో రాళ్లలా కలిసిపోయి, ఎదురుగా ఉన్నా కనిపించవు. ఎవరైనా అటు వస్తే తలమీద చక్కర్లు కొడుతూ అరుస్తుంది. తీతువు మీ మీదే అరుస్తుంటే కాళ్ల కింద చూసుకుని, వచ్చిన దారినే వెనక్కి నడవండి. పక్కకు తిరిగితే గుడ్ల మీద కాలు పడొచ్చు.

గూళ్ల చెట్ల దగ్గరికి మధ్యాహ్నం పోకండి, పడవలో అసలే వద్దు. ఎండ ముదిరాక గూటి అంచున నిలబడి రెక్కలు గొడుగులా చాపి పిల్లల మీద నీడ పడేలా చూసే తల్లి కొంగను బైనాక్యులర్‌లో చూడండి, ఎందుకు వద్దంటున్నానో తెలుస్తుంది. దాని కింద ఒంటిమీద ఈకలైనా సరిగ్గా రాని పిల్లలుంటాయి. మనిషి అలికిడికి తల్లి లేచిందంటే అవి ఎండలో మాడతాయి. గుడ్ల కోసం కాకులు అక్కడే కాచుకుని ఉంటాయి. డ్రోన్లతో వచ్చేదీ ఇదే ప్రమాదం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన అర్థంలో అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా ఉన్నాయి. సెల్ఫీ కోసం కొమ్మ వంచినా ఆ లెక్కలోకే వస్తుంది.

పేరు తర్వాత, ముందు ముక్కు, కాళ్లు, నీటి లోతు

కొత్తవాళ్లు పేరు కోసం కంగారుపడతారు. యాప్‌లో వెతుకుతుండగానే పక్షి ఎగిరిపోతుంది. పేరు వదిలేసి మూడు సంగతులు రాసుకోండి: ముక్కు ఎలా ఉంది, కాళ్లు ఎంత పొడవు, ఎంత లోతు నీటిలో నిలబడింది.

ఎర్రకాళ్ల కొంగను గమనించండి. సగం తెరిచిన ముక్కును నీళ్లలో ముంచి అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది, కాలితో బురద కలుపుతుంది. చేప ముక్కుకు తగిలిందో లేదో, టక్కున మూసేస్తుంది. చూపుతో పని లేదు కాబట్టి బురద నీటిలోనూ దానికి వేట సాగుతుంది. కానీ మూరెడు లోతు దాటితే దాని ముక్కుకు అందదు. తెడ్డుమూతి కొంగదీ ఇదే పద్ధతి, ముక్కు చివర మాత్రం గరిటెలా ఉంటుంది.

నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. ఆ సందులో నత్తను పెట్టి అక్రోటులా పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు. దగ్గరగా చూస్తే అలా ఉండదు. నత్తను నీటి అంచున నేలకు అదిమిపట్టి, సన్నటి కింది ముక్కు కొనను గుల్ల మూత పక్కనుంచి లోపలికి దూర్చి, లోపలి కండరాన్ని కోసి, నత్తను మెల్లగా బయటికి లాగుతుంది. మిగిలిన గుల్ల చాలాసార్లు పగలకుండానే ఉంటుంది. ఈ కొంగ ఉన్న చోట నీటి అంచున ఖాళీ నత్తగుల్లలు కుప్పలుగా పడి ఉంటాయి. మీ చెరువు అంచున అలాంటి కుప్పలు ఉన్నాయా చూడండి.

సూదితోక బాతు తలకిందులై, తోక పైకి పెట్టి మేస్తుంటే అక్కడ లోతు దాదాపు దాని మెడంత. నల్లటి నీటికాకి మునిగి చాలాసేపటికి ఇంకోచోట తేలితే అక్కడ లోతు బాగా ఉన్నట్టు. చిన్న ఉల్లంకులు పరుగెత్తే చోట నీళ్లు బొటనవేలు లోతు కూడా ఉండవు. గూడబాతులకు విశాలంగా, కలుపు లేని నీళ్లు కావాలి. గుంపుగా చేపల్ని తరుముతాయి, పైకి లేవాలంటే నీటి మీద పరుగు తీయాలి. పులికాట్‌లో రాజహంసలు (ఫ్లెమింగోలు) తల తిరగేసి ముక్కుతో ఉప్పు నీటిని వడపోసుకుని సన్నటి పాచి, పురుగులు తింటాయి. అందుకే సముద్రంతో కలిపే రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడినప్పుడల్లా అక్కడి జాలర్లతోపాటు పక్షుల వాళ్లకూ టెన్షన్. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది. అటకానితిప్ప దాకా నెమ్మదిగా పోతూ, కారు దిగకుండా కిటికీలోంచే చూడండి. కారుకు అలవాటు పడ్డ పక్షులు మనిషి దిగగానే జరుగుతాయి.

ఇలా నాలుగైదు ఉదయాలు చూశాక మీ నోట్‌బుక్కులో చెరువు లోతుల పటం తయారవుతుంది. ఆ పటం లేకుండా ఏ పనికీ సిద్ధపడవద్దు.

లెక్క పెట్టడం

పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటితో కొలవండి. అలాంటి చోట్లు గుంపులో ఎన్ని ఉన్నాయో చూసి హెచ్చవేయండి. బాతుల గుంపును ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు లెక్కపెట్టి, రెండింటికీ పెద్ద తేడా లేకపోతే సగటు రాయండి. వేల సంఖ్యలో ఉంటే ఉజ్జాయింపు చాలు, కానీ "చాలా" అని మాత్రం రాయకండి. అయిదేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాని మాట అది.

గూళ్ల చెట్ల మీద పక్షుల లెక్క కన్నా గూళ్ల లెక్క ముఖ్యం. ఎన్ని గూళ్లలో తల్లి కూర్చుంది, ఎన్నింటిలో పిల్లలు లేచాయి, విడివిడిగా రాయండి. కాలికి ఉంగరం ఉన్న పక్షి కనిపిస్తే రంగు, అంకెలు, ఏ కాలికి ఉందో రాసి, వీలైతే ఫొటో తీసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి నడుస్తోంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు పెరటి పక్షుల లెక్క ఉంటుంది. రెండింటికీ డిగ్రీలు అక్కర్లేదు. మీ లెక్క ఈబర్డ్‌లో పెట్టండి, ఇంకో ప్రతి పంచాయతీకి ఇవ్వండి. రేపు చెరువులో మట్టి పోసి రోడ్డు వేస్తామని ఎవరైనా వస్తే మీ కోపం కన్నా ఆ కాగితమే పనికొస్తుంది.

ఇక చెరువు పని: ముందు ఎవరిని అడగాలి

రక్షిత కేంద్రమైతే అటవీ శాఖ రేంజ్ ఆఫీసర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క మొక్క కూడా ముట్టకండి. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న) చిత్తడినేల అయింది. అలాంటిచోట నియమాలు ఇంకా గట్టివి. ఊరి చెరువైతే పంచాయతీ, నీటిపారుదల శాఖ, మత్స్య సహకార సంఘం, ఆయకట్టు రైతులు, నలుగురితోనూ మాట్లాడాలి. వీళ్లలో రైతును ఆఖరికి పెట్టేస్తుంటారు. నిజానికి తూము ఎత్తేది ఆయన కోసమే కాబట్టి ముందు అక్కడికే వెళ్లండి.

మాట్లాడాల్సింది నీటి గురించి. ఎర్రకాళ్ల కొంగ గుడ్డు పొదగడానికి నెల పడుతుంది, పిల్ల ఎగరడానికి ఇంకో రెండు నెలలు పైగా. గూడబాతుకు అంతా కలిపి నాలుగు నెలలు దాటుతుంది. డిసెంబరులో కట్టిన గూటికి ఏప్రిల్ దాకా చెట్టు కింద నీళ్లుండాలి. నీళ్లు ఎండితే కుక్కలు, నక్కలు చెట్ల కిందికి చేరతాయి, తల్లులు గూళ్లు వదిలేస్తాయి. చివరి తడిని కాస్త కుదించుకోమని, గూళ్ల దిబ్బల చుట్టూ ఉన్న గుంటల్లో నీళ్లు మిగిల్చమని రైతుల్ని అడగండి. నేలపట్టులో రైతులకు ఇది కొత్త కాదు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు వరికి ఎరువని వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

ఏప్రిల్ చివర నుంచి తొలకరి దాకా

పని చేయడానికి దొరికే సమయం ఇంతే. చాలా గూళ్లు ఖాళీ అయి, నీళ్లు తగ్గి, వానాకాలంలో జమ్ములో గూళ్లు కట్టే జంబుకోళ్లు, గిజిగాళ్లు ఇంకా మొదలుపెట్టని కాలం. ఏదైనా చెట్టు మీద ఆలస్యంగా లేచిన పిల్లలుంటే ఆ చెట్టు చుట్టుపక్కల పని ఆపండి. ఎండ వల్ల ఉదయం తొమ్మిదింటికే ముగించండి, పక్షుల కోసం కాదు, మీ కోసం.

గుర్రపుడెక్కతో మొదలుపెట్టండి. రెండు మూడు వారాల్లో రెట్టింపయ్యే మొక్క ఇది, గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. పూత రాకముందే వేళ్లతో సహా లాగాలి. లాగింది కట్ట వాలులో పడేస్తే మొదటి వానకే మళ్లీ చెరువులోకి దిగుతుంది, చాలా శ్రమదానాలు వృథా అయ్యేది ఇక్కడే. కట్టకు అవతలి పక్కకు మోసి, ఎండబెట్టి, కంపోస్టు చేయండి. మందు కొట్టవద్దు. మందుకు చచ్చిన ఆకంతా నీటిలోనే కుళ్లి, చేపలకు గాలి అందకుండా చేస్తుంది. తామర, కలువ ఆకులు మాత్రం వదిలేయండి. పొడుగాటి వేళ్లతో వాటి మీద నడిచే జకానా గుడ్లు పెట్టేదీ ఆ ఆకుల మీదే.

జమ్మును కాల్చడం మన ఊళ్లలో అలవాటు. ఎప్పుడూ కాల్చకండి. కోసే పద్ధతి ఉంది: నీటి మట్టానికి కింద కోయాలి. వానకు నీళ్లు పెరిగి కోసిన మొదలు మునిగితే అది ఊపిరాడక చస్తుంది, నీటి పైకి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. అదీ మొత్తం కోయకండి. ఈ ఏడు ఒక మూల, వచ్చే ఏడు ఇంకో మూల.

సర్కారు తుమ్మ విషయంలో ఆవేశం పనికిరాదు. అది పరాయి మొక్కే, చెరువు శిఖాన్ని ఆక్రమిస్తుంది, నిజమే. కానీ ఉప్పలపాడు లాంటి చోట కొంగలు దాని మీదే గూళ్లు కట్టుకున్నాయి. గట్టు మీదివి, శిఖంలోవి కొట్టండి. దిబ్బ మీద గూళ్లున్న చెట్టును ముట్టకండి. దాని పక్కన నల్లతుమ్మో, కడప చెట్టో నాటి, అది గూడు మోసేంత అయ్యాక పాతదాని సంగతి చూడవచ్చు. గూళ్ల చెట్లకు ఆయుష్షు తక్కువ. ఏళ్ల తరబడి రెట్ట పడి ఆకులు మాడి చెట్టు చస్తుంది. ఆటపాకలోనూ ఉప్పలపాడులోనూ ఇనుప స్టాండ్లు పెట్టాల్సి వచ్చిన కారణాల్లో ఇదొకటి. పక్షులు వాటిని ఒప్పుకున్నాయి కూడా. అయినా ఇనుము ఎండకు కాలుతుంది, నీడ ఇవ్వదు. స్టాండు అత్యవసరానికే, అసలు పని ఏటా కొన్ని మొక్కలు నాటడం.

కడప మొక్కను నర్సరీలో రెండేళ్లు పెంచి, మనిషెత్తు అయ్యాక నాటండి. నెలల తరబడి మొదలు నీటిలో ఉన్నా తట్టుకునే చెట్టు అది, కానీ తల కూడా మునిగితే లేతమొక్క బతకదు. కంచె కట్టకపోతే మేకలు ఒక్క పూటలో తినేస్తాయి.

పూడిక తీత దగ్గర అందరికన్నా ఎక్కువ నష్టం జరుగుతోంది. జేసీబీని దించి చెరువంతా గిన్నెలా ఒకే లోతుకు తవ్వేస్తారు. నీళ్లు ఎక్కువ నిలుస్తాయి, నిజమే. పైన చెప్పిన పక్షుల్లో నీటికాకులు, గూడబాతులు తప్ప మిగతావి ఆ చెరువుకు రావు. నిలబడే చోటు లేదు మరి. మీ లోతుల పటం ఇప్పుడు బయటికి తీయండి. శిఖం వైపు ఉల్లంకులు, కొంగలు మేసిన వాలును ముట్టవద్దని ఇంజనీరుకు చూపించండి. కట్ట మొదలు వదిలి కొంచెం లోపలగా తవ్వమనండి. మంచి ఒండ్రు పొలాలకు పోగా మిగిలిన గట్టి మట్టితో చెరువు మధ్యన ఒకటి రెండు దిబ్బలు పోయించండి. దిబ్బ ఒక పక్క ఏటవాలుగా నీటిలోకి దిగాలి, చుట్టూ లోతైన కందకం ఉండాలి. అప్పుడే వేసవిలోనూ కుక్కలు చేరవు.

సుందరీకరణ మాట వినిపిస్తే ఆ మీటింగుకు తప్పకుండా వెళ్లండి. చుట్టూ రాతి గోడ, గ్రానైట్ నడకదారి, రంగుల లైట్లు, మధ్యలో ఫౌంటెన్. నా దృష్టిలో చెరువుకు ఆక్రమణ తర్వాత అంత చేటు చేసేది ఇదే. నడకదారి ఒక పక్కకే, లైట్లు నేల వైపుకే, రాతి గోడ కట్ట వైపుకే ఉండేలా అడగండి. హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. నగరం మింగేస్తున్న చెరువుకు కూడా అలాంటి గుర్తింపు తెచ్చుకోవచ్చని చెప్పడానికి మీటింగులో ఈ ఉదాహరణ వాడండి.

పండగలప్పుడు

సంక్రాంతికి చెరువు నిండా పక్షులు, ఆకాశం నిండా గాలిపటాలు. నైలాన్, గాజుపొడి మాంజా రెక్కల్ని కోసేస్తుంది, గూళ్లలోకి చేరితే పిల్లల కాళ్లకు చుట్టుకుంటుంది. చెరువు చుట్టుపక్కల నూలుదారమే వాడమని బళ్లలో పండగ సెలవులకు ముందే చెప్పండి. కనుమ మర్నాడు పిల్లల్ని వెంటబెట్టుకుని, దోటీలతో కట్ట మీది చెట్లకు వేలాడే దారం లాగి సంచిలో వేయండి. గూళ్లున్న చెట్ల మీది దారాన్ని వేసవి దాకా వదిలేయాలి, పక్షి చిక్కుకుంటే మాత్రం అటవీ శాఖకు ఫోన్ చేయండి. దీపావళికి తమిళనాడు శివగంగ జిల్లాలోని వేట్టంగుడి దగ్గర ఊళ్లవాళ్లు పక్షుల కోసం టపాసులు మానుకున్నారు. మన దగ్గర చెరువు వైపు వీధుల్లో చప్పుడు చేసేవి మానినా చాలు.

పక్షి కింద పడితే, చనిపోతే

గూటి నుంచి పడ్డ పిల్లను ఇంటికి తీసుకెళ్లకండి, నోట్లో నీళ్లు పోయకండి. కుక్కలు రాకుండా చూస్తూ వాచర్‌ను పిలవండి. చచ్చిన పక్షి ఒకటి కనిపిస్తే రాసుకోండి. ఒకేచోట అయిదారు కనిపిస్తే చేత్తో ముట్టకుండా, దూరం నుంచి ఫొటో తీసి, అటవీ శాఖకూ పశువైద్యుడికీ అదే పూట చెప్పండి. బర్డ్ ఫ్లూ కావచ్చు, నీటిలో విషం కావచ్చు, చేపల ద్వారా వచ్చే పురుగులు కావచ్చు. కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులోనూ మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ గూడబాతులు వరుసగా చనిపోయినప్పుడు పరీక్షల్లో తేలింది ఈ పురుగులే. కళేబరం కుళ్లకముందే పరీక్షకు వెళితేనే కారణం తెలుస్తుంది. ఆ కళేబరాల్ని పాతిపెట్టేదీ వాళ్లే. మీరు ఇంటికి చేరాక బూట్లు కడిగి ఎండలో పెట్టండి, కోళ్ల గూటి వైపు ఆ బూట్లతో వెళ్లకండి.